అచ్చు తప్పు

బీఏలో మూడేళ్ళపాటు అచ్చులు, హల్లులు, దంత్యాలు, తాలవ్యాలు అంటూ వల్లె వేశాను. ఆ చదువు పిల్లల తెలుగు హోంవర్కు దాటి ఇంకెందుకైనా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఏడాది మా అత్తయ్యగారి ముందు పన్ను పోయినప్పుడు పనికొచ్చింది.

ఉగాదికి వారం ముందు, తెనాలి దగ్గర మా ఊళ్ళో పెరటి గట్టు మీద నాచుకి కాలు జారి, పంపు దగ్గర బోర్లా పడ్డారావిడ. దేవుడి దయవల్ల తుంటి ఎముకకి ఏమీ కాలేదు. మూతి మాత్రం గట్టుకి తగిలింది. పై వరసలో ముందు పన్ను ఒకటి చిగురు లోపలికంటా విరిగింది. విజయవాడ తీసుకొచ్చి చూపిస్తే, మిగిలిన ముక్క నిలబడదని తీసేశారు.

డెబ్భై రెండేళ్ళ మనిషికి ఒక్క పన్ను పోతే ఏమైందమ్మా, నమలడానికి దవడ పళ్ళున్నాయిగా అన్నారు చుట్టాలు. నిజం చెప్పొద్దూ, నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ఆవిడకో అలవాటుంది. సాయంత్రం దీపం పెట్టాక బాల్కనీలో కుర్చీ వేసుకుని పోతన భాగవతం పైకి చదువుతారు. రాగం తీయరు, అర్థం చెప్పరు, ఎవరైనా వింటున్నారా లేదా అని చూడరు. చదువుకుంటూ పోతారంతే. నేను పక్కన చిక్కుడుకాయలు ఒలుచుకుంటూనో, బట్టలు మడత పెట్టుకుంటూనో వింటాను. నా పెళ్ళయిన కొత్తలో మా ఇద్దరికీ మాటలు కలిసింది ఆ పుస్తకం దగ్గరే. నేను ఎక్కడైనా పదం తప్పు విరిస్తే ఆవిడ దిద్దేవారు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి బీఏ తెలుగుని దిద్దుతుంటే మావారు నవ్వుకునేవారు.

పన్ను పోయాక ఆ చదువు ఆగిపోయింది. కళ్ళు లాగుతున్నాయన్నారు. కళ్ళజోడు మార్పిద్దామంటే వద్దన్నారు. ఒకరోజు నేను మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి, ఇంట్లో ఎవరూ లేరనుకుని మెల్లగా చదువుకుంటున్నారు. త, ద, స వచ్చిన చోటల్లా గాలి తన్నుకుపోతోంది. మన భాషలో త థ ద ధ న ల స దంత్యాలు. నాలుక కొసకి పళ్ళు అందాలి వాటికి. పైగా మనకి చ-లు రెండు రకాలు. చలి, చాప, చుక్క అనేటప్పటి చ దంత్యం. చింత, చెట్టు అనేటప్పటి చ తాలవ్యం. జ కూడా అంతే, జున్నులో ఒకటి, జీలకర్రలో ఇంకొకటి. పరీక్షలకి బట్టీపట్టి రాసి మర్చిపోయిన ఆ సంగతి, ఆవిడ నోట చుక్క కాస్తా 'శుక్క' అయినప్పుడు గుర్తొచ్చింది. ఆవిడకీ వినిపించినట్టుంది. పద్యం మధ్యలో ఆపి పుస్తకం మూసేశారు. నేను ఏమీ విననట్టే వంటింట్లోకి వెళ్ళి కుక్కరు పెట్టుకున్నాను.

మద్రాసులో చదువుకుంటున్న మా అమ్మాయి రాత్రిళ్ళు వీడియో కాల్ చేస్తుంది. ఇదివరకు ఫోను నా చేతికి రానిచ్చేవారు కాదు. ఇప్పుడు పైటకొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఊఁ, తిన్నావా" అని ఇచ్చేస్తున్నారు. "నానమ్మకి నా మీద కోపమొచ్చిందా అమ్మా?" అని అడిగింది పిల్ల. ఆ మాటతో ఇక లాభం లేదనుకున్నాను.

దారులు మూడున్నాయి. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను ఒకటి. వాళ్ళ అత్తగారి పళ్ళ సెట్టు రాత్రిళ్ళు గ్లాసు నీళ్ళలో నవ్వుతూ ఉండేదట, దాన్ని చూసి జడుసుకున్నారు కాబట్టి అది వద్దన్నారు. రెండోది ఇంప్లాంటు. "దవడ ఎముకలో మర బిగిస్తారా? నేనేమన్నా తలుపునా?" అన్నారు. ఇక మిగిలింది బ్రిడ్జి. ఖాళీకి అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళనీ అరగదీసి, మూడు పళ్ళు కలిసి ఉన్న తొడుగు ఒకటి వాటి మీద అతికిస్తారు. మధ్యదానికి కింద వేరు ఉండదు, పక్కవాళ్ళ భుజాల మీద నిలబడుతుంది. శుభ్రంగా ఉన్న రెండు పళ్ళని అరగదీయడం నాకు ఇప్పటికీ మనసొప్పదు. ఒకసారి పోయిన పింగాణీ పూత మళ్ళీ పుట్టదు కదా. కాని నోరు ఆవిడది, సరేనన్నారు. పుండు మాని చిగురు గట్టిపడే దాకా మూడు నెలలు ఆగి ఆషాఢంలో మొదలుపెట్టాం.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఎనిమిదేళ్ళ కిందట నాకు కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. అప్పుడు అచ్చు తీశారు. నోట్లో ముద్ద పెట్టుకుని నాలుగు నిమిషాలు కూర్చున్నానంతే. ఆ క్యాపుతో ఈరోజుకీ జంతికలు నములుతున్నాను. అందుకని, "ఏం లేదత్తయ్యా, కళ్ళు మూసుకుని కూర్చుంటే అయిపోతుంది" అని ధైర్యం చెప్పాను. నాకు ఏమీ కాలేదు కాబట్టి ఇంకొకరికీ ఏమీ కాదనుకోవడం మన ఆడవాళ్ళకి బాగా అలవాటు, పురుళ్ళ విషయంలో కూడా చూడండి.

ఆ ఆసుపత్రి పేరు చెప్పను. డాక్టరు కుర్రవాడు, మాట మంచిదే. బయట మాత్రం పదిమంది కూర్చుని ఉన్నారు. రెండు పళ్ళూ అరగదీశాక, రెండు డబ్బాల్లోంచి రెండు రంగుల ముద్దలు తీసి చపాతీ పిండిలా పిసికి, గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ట్రేలో నింపి ఆవిడ పై దవడకి నొక్కిపట్టాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. అరనిమిషం కాలేదు, డోకు మొదలైంది. ముక్కుతో గాలి పీల్చుకోండి, ఒక కాలు పైకెత్తి ఉంచండి అంటున్నాడు. కాలెత్తితే ధ్యాస అటు పోతుందట. పోలేదు. ట్రే లాగేసేసరికి చీర మీద వాంతయింది. పదిమంది ముందు ఆ చీరని నీళ్ళతో తుడుచుకుంటూ ఆవిడ నావైపు చూడలేదు.

రెండోసారి ఇంకో ముద్ద. ఈసారి పట్టుదలగా రెండు నిమిషాలు ఓర్చుకున్నారు. నా మణికట్టు మీద ఆవిడ గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. మళ్ళీ ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, పూర్తిగా గట్టిపడకుండానే ట్రే బయటికి తీశాడు. వెలుతురుకి పెట్టి తిప్పి చూసి, "పర్లేదు, వచ్చేసింది" అన్నాడు. అమ్మాయికి చూపిద్దామని నేను దాన్ని ఫోనులో ఫొటో తీశాను. ఆ ఫొటో తీసుకోవడం ఒక్కటే ఆరోజు నేను చేసిన తెలివైన పని.

పదిరోజులకి బ్రిడ్జి వచ్చింది. లోపల మెటల్, పైన పింగాణీ. పెడితే ఒక పక్క కూర్చుంటే ఇంకో పక్క లేస్తోంది, కుంటి పీటలాగ. లోపల కాస్త గీకి, మళ్ళీ పెట్టి, మళ్ళీ గీకి, చివరికి కొన్నాళ్ళు చూద్దామని తాత్కాలికంగా అతికించాడు. "రెండు రోజుల్లో సర్దుకుంటుందండీ" అన్నాడు. కొత్త కోడలు సర్దుకుంటుంది గాని పింగాణీ ఎలా సర్దుకుంటుంది? అడగాల్సింది, అడగలేదు.

శ్రావణ శుక్రవారం పేరంటంలో సెనగలు తిన్నారు. పొట్టు వెళ్ళి బ్రిడ్జి అంచు కింద ఇరుక్కుంది. పుల్లతో తీసినా రాదు, పుక్కిలించినా రాదు. నాలుగు రోజులకి చిగురు ఎర్రగా వాచింది, ముట్టుకుంటే రక్తం. నోరు వాసన వస్తోందని ఆవిడే కనిపెట్టి, మనవడు దగ్గరికొస్తే మొహం పక్కకి తిప్పుకోవడం మొదలుపెట్టారు. చివరికి, "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేమే. పంపు గట్టు చాలకపోయింది నాకు. తీయించెయ్, నాకేమీ వద్దు" అన్నారు. తీయించేస్తే అయిపోయేది కాదు. అరగదీసిన పళ్ళు రెండు లోపలున్నాయి. వాటికి మంచినీళ్ళు తగిలినా జివ్వుమంటుంది. ఏదో ఒకటి కప్పి తీరాలి.

అప్పుడు గుర్తొచ్చాడు మా బాబాయి కొడుకు. గుంటూరులో పళ్ళ ల్యాబులో ఇరవై ఏళ్ళ నుంచి పని చేస్తున్నాడు. చుట్టాల్లో ఎవరడిగినా "పళ్ళు కడతాడు" అని చెప్పుకుంటాం గాని ఏం కడతాడో ఎవరం ఎప్పుడూ అడగలేదు. ఫోన్ చేసి సంగతంతా చెబితే, "అక్కా, ఆ అచ్చు ఎలా ఉందో చూశావా?" అన్నాడు. ఫొటో పంపాను. రెండు నిమిషాల్లో ఒకచోట ఎర్రగీత గుండ్రంగా చుట్టి వెనక్కి పంపాడు.

"పన్ను అరగదీసినచోట, చిగురు పక్కన, చుట్టూ ఒక అంచు ఉంటుందక్కా. క్యాపు చివర సరిగ్గా ఆ అంచు మీద కూర్చోవాలి. గోరుతో గీరినా తట్టకూడదు. అచ్చులో ఆ గీత తెలిస్తే మేం ఏదైనా చేస్తాం. ఇందులో చూడు, ఈ పక్క సాగిపోయింది. గట్టిపడకముందే లాగారు."

"మరి కనపడని గీతకి వాళ్ళెలా చేశారురా?"

కాసేపు మాట్లాడలేదు. "ఊహించుకుని చేస్తామక్కా. డాక్టరుకి ఫోన్ చేసి మళ్ళీ తీయమంటే కొంతమంది తీస్తారు. కొంతమంది, ఆ ముసలావిణ్ణి మళ్ళీ పిలవలేను, నువ్వెలాగోలా చేసి పంపవయ్యా అంటారు. మాకూ రేపటికి డెలివరీ ఉంటుంది."

ఆ రాత్రి గంటసేపు మాట్లాడాడు. అచ్చుల్లో ఇన్ని రకాలున్నాయని నాకేం తెలుసు? పొడిలో నీళ్ళు కలిపి చేసే గులాబీరంగు ముద్ద సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థమట. (అత్తయ్య పడిందీ నాచు మీదే, ఆ మాట ఆవిడతో అనలేదు.) దాంట్లో ఉండేది ఎక్కువ నీళ్ళే. తీసిన వెంటనే ప్లాస్టర్ పోయకపోతే నీరు వదిలేసి కుంచించుకుపోతుంది. ఎండాకాలం బస్సు పార్సిల్లో డబ్బాలు వచ్చేసరికి కొన్ని అచ్చులు ఎండు అప్పడాల్లా ఉండేవట. క్యాపులకీ బ్రిడ్జిలకీ వాడే సిలికాన్ ముద్దలో మంచిరకానికి ఆ బాధ లేదు, రోజులు గడిచినా కొలత మారదు. కాని దాన్ని మామూలు రబ్బరు గ్లవ్స్ వేసుకుని పిసికితే, ఆ రబ్బరులోని గంధకం తగిలి సరిగా గట్టిపడదు. "అచ్చు బాగా తీస్తే అంత నమ్మకమైంది ఇంకోటి లేదక్కా. నీ పంటికి చేసిన క్యాపు ఎనిమిదేళ్ళ నుంచి ఉందంటే ఆ డాక్టరు చెయ్యి అలాంటిది, నువ్వూ కదలకుండా కూర్చున్నావు" అన్నాడు.

"స్కాన్ చేస్తారంటున్నారు కదా ఇప్పుడు, దాంట్లో తప్పులు రావా?" అని అడిగాను.

"గీత కనపడకపోతే కెమెరాకీ కనపడదక్కా. రక్తం ఉన్నా, ఉమ్మి ఉన్నా అంతే. చిగురు లోపలికి బాగా దిగిపోయిన అంచుని ముద్ద తోసుకుంటూ వెళ్ళి పట్టుకోవచ్చు, కెమెరా మాత్రం చూడగలిగిందే తీస్తుంది. తేడా ఎక్కడంటే, అచ్చులో తప్పు మా ల్యాబుకొచ్చి ప్లాస్టర్ పోశాక బయటపడుతుంది. స్కానులో పేషెంటు కుర్చీలో ఉండగానే తెరమీద కనిపిస్తుంది. అప్పుడే దిద్దుకోవచ్చు."

నాకు ఆ ఒక్క మాటతో విషయం తెలిసిపోయింది. కాలేజీలో మా పత్రిక ప్రూఫులు దిద్దిన మనిషిని నేను. ప్రూఫులో పట్టుకున్న తప్పుకి ఒక గీత చాలు. అచ్చయి కుట్టేశాక పట్టుకున్న తప్పుకి ఏం చేస్తాం, తప్పొప్పుల పట్టిక వేసుకోవడమే.

వాడి పని కూడా మారిపోయిందట. చేతికి ప్లాస్టర్ అంటి మూడేళ్ళు దాటిందన్నాడు. ఇదివరకు మైనంతో పన్ను చెక్కి, దాని చుట్టూ అచ్చు పోసి, మైనం కరిగించి ఆ ఖాళీలోకి లోహం పోసేవారు, మన కంచు విగ్రహాలు పోసినట్టే. ఇప్పుడు కంప్యూటర్లో పన్ను గీస్తాడు, యంత్రం జిర్కోనియా దిమ్మలోంచి చెక్కుతుంది. చెక్కేటప్పుడు సుద్దముక్కలా మెత్తగా ఉంటుందట. తర్వాత సుమారు 1,500 డిగ్రీల కొలిమిలో కాలిస్తే రాయవుతుంది, అయిదో వంతు దాకా కుంచించుకుపోతుంది కూడా. అందుకని యంత్రం ముందే ఆ లెక్క చూసుకుని పెద్దదిగా చెక్కుతుంది. ఇది అత్తయ్యకి చెబితే బాగా నచ్చింది. వడియాలు ఎండాక ఎంతవుతాయో తెలిసే కదా పెద్దవిగా పెడతాం అన్నారు.

ఈ నోటి కెమెరాలు నిన్నామొన్న వచ్చినవేం కావు. 1985లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో మోర్మన్ అనే పళ్ళ డాక్టరు, బ్రాండెస్టిని అనే ఇంజినీరు కలిసి చేసిన యంత్రంతో మొదటిసారి ఒక పేషెంటుకి, నోట్లో కొలత కెమెరాతో తీసుకుని, పక్కనే పింగాణీ ముక్క చెక్కి పంట్లో అతికించారు. అప్పటికి నేను పలక మీద అ ఆ లు దిద్దుతున్నాను. అది మా అత్తయ్య నోటిదాకా రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

మా అమ్మాయి స్నేహితురాలి వాళ్ళమ్మ చెబితే రెండో చోటికి వెళ్ళాం. వెళ్ళేముందు ఫోన్ చేసి స్కానర్ ఉందా అని అడిగాను. అక్కడ డాక్టరు ముప్ఫై అయిదేళ్ళ అమ్మాయి. నోరు చూసి పాత బ్రిడ్జి తీసేసి, "ఇవాళ ఏమీ చేయను బామ్మగారూ. ఈ చిగురు మానాలి. ఇలా రక్తం వస్తుంటే స్కాను చేసినా, అచ్చు తీసినా ఒకటే, రెండూ పాడవుతాయి" అంది. శుభ్రం చేసి, ప్లాస్టిక్ తాత్కాలిక పళ్ళు పెట్టి రెండు వారాలు ఆగి రమ్మంది. యంత్రం ఉంది కదా అని తొందరపడకపోవడం చూసి నాకు సగం నమ్మకం అప్పుడే కుదిరింది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పింది. నోట్లో ఒక్క పన్నూ లేనివాళ్ళకి కట్టుడు పళ్ళ సెట్టు చేయాలంటే తను ఇప్పటికీ అచ్చే తీస్తుందట. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా వరసంతా కలిపే పెద్ద బ్రిడ్జి అయినా ఆలోచిస్తుందట. కెమెరా ఒక్కసారిగా నోరంతా తీయదు, చిన్నచిన్న బొమ్మలు తీసి ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోతుంది. ఒక్కో అతుకులో వెంట్రుకవాసి తేడా వచ్చినా చివరికి చేరేసరికి అది పెరుగుతుంది. చుక్కల ముగ్గు పెట్టేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అయిదు చుక్కల ముగ్గులో తెలియని వంకర ఇరవై ఒక్క చుక్కలయ్యేసరికి వాకిలి దాటుతుంది. మాది మూడు పళ్ళ ముగ్గు, భయం లేదంది.

డబ్బు సంగతీ చెప్పాలి. మొదటిచోట కట్టిన 15,000 పోయినట్టే. ఇక్కడ మూడు పళ్ళకి 30,000. స్కానుకి వేరే తీసుకోలేదు, కాని అది అందులోనే కలిసి ఉంటుందని తెలియనంత అమాయకురాలిని కాను. మావారు బిల్లు చూసి, "మా అమ్మ నవ్వు ఖరీదైందే" అన్నారు. ఆవిడ వినేలాగే అన్నారు, పాపం నవ్విద్దామని. ఆవిడ నవ్వలేదు.

వినాయక చవితి వెళ్ళిన మూడోరోజు వెళ్ళాం. ఆటోలో ఆవిడ చేతిలో కండువా మడత ఉంది. వాంతయితే అని తెచ్చుకున్నారు. నాకు గుండె కలుక్కుమంది.

స్కాను అనగానే ఏ బాధా ఉండదనుకోకండి. మత్తు ఇంజెక్షను ఉంది. చిగురు కాస్త పక్కకి జరగడానికి పంటి చుట్టూ మందులో తడిపిన సన్నని దారం దూర్చడం ఉంది. ఆ దారం అచ్చుకీ కావాలి, స్కానుకీ కావాలి. నోరు తెరిచి ఉంచాలి, గాలి కొట్టి ఆరబెడతారు. మారేది ఆ తర్వాతే. ముద్దలేదు, ట్రే లేదు. లావుపాటి టూత్‌బ్రష్ లాంటిది ఒకటి, కొసన వెలుగుతో, పళ్ళ మీదుగా మెల్లగా జరుపుతూ పోతుంది.

"బామ్మగారూ, మీరు చెయ్యెత్తితే ఆపేస్తాను. ఎన్నిసార్లయినా సరే" అంది డాక్టరు.

అత్తయ్య ఆ మాట నమ్మలేదు. పరీక్షిద్దామని కాబోలు, పెట్టిన పది సెకన్లకే చెయ్యెత్తారు. ఆపేసింది. ఉమ్మి మింగి, నావైపు చూసి, మళ్ళీ నోరు తెరిచారు. ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే మొదలైంది. మొత్తం ఆరుసార్లు చెయ్యెత్తారు. వెనక దవడ పళ్ళ దాకా వెళ్ళినప్పుడు ఒక్కసారి డోకొచ్చింది. ఆపారు, నిటారుగా కూర్చున్నారు, తగ్గింది. కండువా మడత విప్పలేదు.

తెరమీద ఆవిడ నోరు కొంచెం కొంచెంగా పుట్టుకొస్తోంది. చూడనిచోట ఖాళీ, చూసినచోట పన్ను. ఒకచోట డాక్టరు ఆగి, బొమ్మని పెద్దది చేసి తిప్పింది. పంటి లోపలి పక్క అంచు మీద ఎర్రని చెమ్మ, గీత చెరిగిపోయి ఉంది. మా తమ్ముడు ఎర్రగీత చుట్టి పంపింది ఇలాంటి చోటే. నేను లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి తొందరపడలేదు. తుడిచి, దారం మళ్ళీ సర్ది, కాసేపు ఆగి, తెరమీద ఆ ముక్క వరకే చెరిపేసి మళ్ళీ తీసింది. ఈసారి గీత సూదితో గీసినట్టు కనిపించింది. అచ్చయితే ఈ చిన్న ముక్క కోసం మొత్తం ముద్ద మళ్ళీ పెట్టాలి. అత్తయ్య మూడోసారి నోరు తెరిచేవారు కాదు, నాకు తెలుసు.

అయ్యాక కుర్చీ ముందుకి జరిపి తెర ఆవిడకి చూపించారు. చాలాసేపు చూశారు. "అవి నావేనా? ఇంత అరిగిపోయాయా!" అని, "చిన్నప్పుడు చెరకు గడలు ఈ పక్కనుంచే చీల్చేదాన్ని" అని ఒక పన్ను చూపించారు. పళ్ళు పోయాక తన నోటిని తనే కావాలని చూసుకోవడం అదే మొదటిసారి. అద్దం ముందు బొట్టు పెట్టుకునేటప్పుడు కూడా పెదవులు బిగించి ఉండేవారు.

రంగు దగ్గర పేచీ పెట్టారు. కిటికీ వెలుతురులో నమూనా పళ్ళ గుత్తి పక్కన పెట్టి చూస్తుంటే, డాక్టరు కాస్త తెల్లదనం ఉన్నదే బాగుంటుందంది. "వద్దు తల్లీ. మిగతావాటి వయసే దీనికీ ఉండాలి. ఒక్కటే పెళ్ళికూతురులా ఉంటే ఊరంతా దాన్నే చూస్తుంది" అన్నారు. ఆ మాటకి డాక్టరు నవ్వి, ఒక మెట్టు దించింది.

వారంలో వచ్చింది. పెట్టిన మొదటిసారే కూర్చుంది. నీలం కాగితం కొరికించి ఒకచోట రవ్వంత తాకితే గీకారు, అంతే. "ఏదైనా మాట్లాడండి బామ్మగారూ" అంది డాక్టరు. ఆవిడ బిగుసుకుపోయారు. నేనే అందుకున్నాను. "అత్తయ్యా, చుక్క అనండి. చాప. జున్ను. సన్నసూదిలో దారం."

"నాకు పరీక్ష పెడుతున్నావటే?" అన్నారు. పరీక్ష మాట స్పష్టంగానే వచ్చింది గాని చాప దగ్గర చిన్న ఈల వినిపించింది. పంటి లోపలి పక్క కాస్త మందంగా ఉంటే నాలుకకి చోటు చాలదట. తీసి, ఆ పక్క కొద్దిగా సానబట్టి మళ్ళీ పెట్టారు. చాప చాపలాగే వచ్చింది.

ఇంటికొచ్చాక కొత్త గొడవ. నా పంటి క్యాపు అప్పుడు ఇచ్చిన ప్లాస్టర్ పళ్ళ అచ్చు మా ఇంట్లో ఇంకా ఉంది, కజ్జికాయల చెక్క పక్కన, వంటింటి సొరుగులో. "మరి నా అచ్చేది? డబ్బిచ్చాం కదా, ఇవ్వలేదేం?" అని అడిగారు. కంప్యూటర్లో ఉంటుందత్తయ్యా, ఫైలు పంపించారు, మీ అబ్బాయి ఫోనులో ఉంది అన్నాను. ఫోను పోతే నా పళ్ళు పోతాయా అన్నారు. మావారు ఓపిగ్గా కూర్చుని ఆ ఫైలు ఇంకో రెండుచోట్ల దాచి చూపించేదాకా ఊరుకోలేదు.

మా తమ్ముడికి ఫొటో పంపితే, పొగడకుండా, "ముందు పళ్ళతో చెరకు, జామకాయ కొరకొద్దని చెప్పు. బ్రిడ్జి కింద దారంతో రోజూ శుభ్రం చేయించు" అని రాశాడు.

నాలుగు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. నేనూ అడగలేదు. అయిదోరోజు రాత్రి అమ్మాయి ఫోన్ చేస్తే, కొంగు లేకుండా ఇరవై నిమిషాలు మాట్లాడారు, అందులో పదిహేను నిమిషాలు నా మీద ఫిర్యాదులే. మర్నాడు సాయంత్రం దీపం పెట్టి నేను పప్పు కుక్కరులో పెడుతుంటే బాల్కనీలో కుర్చీ జరిగిన చప్పుడైంది. కళ్ళజోడు పెట్టె మూత టక్కుమంది. మొదట ఒక పద్యం లోలోపల, తర్వాత ఇంకొకటి కొంచెం పైకి. నేను గరిటె కింద పెట్టి చెవి అటు వేశాను. చ దగ్గర ఆగుతారేమోనని చూశాను. ఆగలేదు.

పద్యం పూర్తయ్యాక అక్కణ్ణుంచే కేకేశారు. "అమ్మాయ్, మూడు కూతలయ్యాయి, స్టవ్ కట్టెయ్."